ఎదురింటి ఖాఖ్రా డబ్బా

ఎదురింట్లో స్టీలు డబ్బా మూత పడిన చప్పుడు వినబడితే చాలు, నాకు ఒళ్ళు మండేది. రోజూ పొద్దుగూకే వేళకు తప్పకుండా పడేది ఆ మూత.

సూరత్‌లో అడాజన్ వైపు మా అపార్ట్‌మెంట్‌లో అంతస్తుకు రెండే ఇళ్ళు, తలుపులు ఎదురెదురు. గాలి కోసం చెక్క తలుపు తీసిపెట్టి, జాలీ తలుపు మాత్రం గొళ్ళెం పెట్టుకుంటాం. లాక్‌డౌన్‌తో నా పని ఇంటికొచ్చినప్పుడు, ఫోన్‌కి సిగ్నల్ సరిగ్గా అందేది గుమ్మం దగ్గరే కాబట్టి బల్లా కుర్చీ అక్కడే వేసుకున్నాను. అలా ఎదురింటి బెన్ ఎప్పుడు లేస్తుంది, ఎప్పుడు తింటుంది, ఎప్పుడు నవ్వుతుంది అన్నీ నాకు తెలిసిపోయేవి. ఇక్కడ ఆడవాళ్ళం ఒకరినొకరం బెన్ అనే పిలుచుకుంటాం, అక్కా చెల్లీ అన్నట్టు. నేనూ ఆవిడను నోరారా బెన్ అనే పిలిచేదాన్ని. కడుపులో ఉన్నది వేరు.

వాళ్ళు జైనులు. పొద్దు గూకితే ఇక తిండి ముట్టరు. వానాకాలం నాలుగు నెలలూ ఏదో ఒకటి వదిలేస్తామని నియమం పెట్టుకుంటారు. ఒకరు ఆకుకూర వదిలేస్తారు, ఇంకొకరు మిఠాయి. కరోనా వచ్చిన ఏడు ఈవిడ ఫోన్ వదిలింది, పగలు కాదు, పొద్దు గూకాక మాత్రం. "పేట్ కో ఛుట్టీ దేతే హై, తో ఆంఖ్ కో భీ దే దో" అంది నాతో మెట్ల దగ్గర. కడుపుకి సెలవిస్తున్నాం కదా, కళ్ళకీ ఇచ్చేద్దాం అని. తనదీ, భర్తదీ, కాలేజీ చదివే కొడుకుదీ ఫోన్లు తీసి, ఖాఖ్రాలనే పల్చటి కరకర రొట్టెలు అయిపోయిన డబ్బాలో పెట్టి మూత వేసేది. ఆ నాలుగు నెలలు గడిచాక కూడా ఆ అలవాటు మానలేదు. ఆ వయసు పిల్లవాడు కిక్కురుమనకుండా ఫోన్ అందించడం జాలీ తలుపులోంచి నేను కళ్ళారా చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది.

అసూయ అని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఆవిడ మొహం చూస్తే కంటినిండా నిద్రపోయిన మొహమని ఎవరైనా చెప్పేస్తారు. నా మొహం చూసి మా పాలవాడు "తబియత్ ఠీక్ హై న బెన్?" అని అడిగేవాడు, ఒంట్లో బాగుందా అని. కరోనా రోజుల్లో అలాంటి ప్రశ్న వింటే ఎదుటివాడు రెండడుగులు వెనక్కి వేస్తున్నాడనే అర్థం.

నాది చీరల దుకాణంలో పని. మార్కెట్లో కూర్చుని తెలంగాణ, ఆంధ్ర దుకాణదారులతో తెలుగులో బేరాలు మాట్లాడేదాన్ని. మార్కెట్ మూసేశాక ఆ దుకాణమంతా నా ఫోన్‌లోకి వచ్చి పడింది, మళ్ళీ తెరిచాక కూడా అక్కడే ఉండిపోయింది. పొద్దున్నుంచీ చీరల ఫొటోలు పంపడం, అదే చీర ఇంకో రంగులో పంపడం, ధర చెప్పడం. "బట్ట ఎట్లుంటది మేడం, మెత్తగుంటదా?" అని అడిగేవాళ్ళు. "దూదిలెక్క ఉంటది సార్" అనేదాన్ని, ఆ చీరను ఒక్కసారి కూడా చేత్తో తడమకుండానే. రోజంతా చీరల మధ్యే ఉన్నాను, ఒక్క పోగు కూడా వేలికి తగల్లేదు. సాయంత్రానికి కళ్ళలో ఇసుక పోసినట్టుండేది.

మా ఆయన హజీరాలో స్టీలు ప్లాంటులో పనిచేస్తాడు. ఆ ప్లాంటుకు లాక్‌డౌన్ లేదు. కంపెనీ బస్సు దిగి, గుమ్మం నుంచి తిన్నగా స్నానానికి వెళ్ళి, ఆ తర్వాత మంచమెక్కి ఫోన్ పట్టుకునేవాడు. ఎవరికి వచ్చింది, ఎవరు పోయారు, ఏ ఆస్పత్రిలో మంచాల్లేవు, ఇదే. మా అమ్మాయి అప్పుడు నాలుగో తరగతి. క్లాసు నా పాత ఫోన్‌లో, క్లాసయ్యాక బొమ్మలూ ఆ ఫోన్‌లోనే. పిలిస్తే "ఊ" అనేది, ఎర్రబడ్డ కళ్ళు నలుపుకునేది, మళ్ళీ వంగిపోయేది. ముగ్గురం ఒక ఇంట్లో మూడు ఫోన్లతో కాపురం చేస్తున్నాం.

ఒకరోజు సాయంత్రం నెట్ పోయింది. అమ్మాయి తోచక జాలీ తలుపు పట్టుకుని నిలబడింది. ఎదుటి నుంచి "ఆవ్ దీక్రీ" అని పిలిచిందావిడ, రా బిడ్డా అని. వెళ్ళింది. మర్నాడు నెట్ వచ్చింది, అయినా వెళ్ళింది. ఆ తర్వాత డబ్బా మూత పడిందంటే మా అమ్మాయి చెప్పులేసుకోవడమే. ఆవిడను మాసీ అని పిలవడం కూడా మొదలుపెట్టింది, పిన్నిని పిలిచినట్టు.

మొదట్లో నాకు హాయిగానే ఉండింది, నా ఫోన్ నన్ను చూసుకోనిచ్చారని. కొద్ది రోజులకు అమ్మాయి నవ్వు వినబడటం మొదలైంది. పొట్ట పట్టుకుని, ఊపిరాడకుండా నవ్వే నవ్వు. నా కూతురు అలా నవ్వగలదని ఎదురింటి గోడలోంచి తెలుసుకోవాల్సి వచ్చింది. ఒకావిడకు చీర ధర చెబుతూ చెబుతూ తప్పు చెప్పేశాను.

"ఏం చేస్తరే అక్కడ?" అని అడిగాను ఇంటికొచ్చాక.

"కుఛ్ నై మమ్మీ. ఊకె కూసుంటం, మాట్లాడుకుంటం. మాసీ పూసలు గుచ్చుడు నేర్పిస్తుంది."

మాట్లాడుకుంటం! నాతో "ఊ" తప్ప ఇంకో అక్షరం పలకని పిల్ల. ఆవిడ దగ్గర అంత తియ్యటిదేముంది, నా దగ్గర లేనిదేముంది అని అన్నం వడ్డిస్తూ గిన్నెలు గట్టిగానే పెట్టాను.

పూసలంటే ఇక్కడ గుమ్మాలకు కట్టే మోతీ తోరణం. తెల్లపూసల మీద రంగుపూసలతో చిలకలూ ఏనుగులూ వచ్చేలా అల్లుతారు. మైనం రాసిన నూలు దారం, సన్నటి సూది, నెలల తరబడి పని. ఇద్దరూ కలిసి పెద్ద తోరణమే మొదలుపెట్టారు. ఒకసారి అమ్మాయి తన వంతు ముక్క నాకు చూపించడానికి తెచ్చింది. బాగుంది, ఏం చెప్పను. చిలక ముక్కు కూడా కుదిరింది.

"ఇది ఎవరి తలుపుకే?"

"మాసీ వాళ్ళ తలుపుకు" అంది, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

ఆ మాట నాకు ముల్లులా దిగింది. నేను కన్న పిల్ల, నేను తినిపించిన చేతులు, ఎదురింటి గుమ్మానికి అలంకారం. జాలీ తలుపులోంచి ఎదురుగా ఉన్న ఆ బోడి గుమ్మాన్ని చూసి, రేపు రోజంతా కూర్చుని దీన్నే చూస్తూ ఉండాలి కాబోలు అనుకున్నాను.

మా అమ్మ ఉధ్నాలో ఉంటుంది. అక్కడి కార్ఖానాల్లో మగ్గాలు నడిపే మా తెలంగాణ వాళ్ళ గల్లీలోనే నేను పుట్టి పెరిగాను. ఊరు ఒకటే అయినా ఆ రోజుల్లో అమ్మను చూడాలంటే వీడియోలోనే. ఆవిడకు చెప్పుకుని ఏడ్చాను.

"ఏంది బిడ్డా, గంత చిన్నదానికి గిట్ల ఏడుస్తవ్? ఎదురింటామె మంచిది గావట్టి పోతుంది. నువ్వు గూడ ఫోన్ పక్కన వెట్టరాదు?"

"పెడ్త. రేపటి నుంచి పెడ్త" అన్నాను పంతంగా. ఎదురింటావిడకు చాతనైంది నాకెందుకు చాతకాదు?

మర్నాడు పొద్దుగూకకముందే మా ఇంట్లోనూ ఫోన్లు డబ్బాలో పడ్డాయి. చిన్న ఖాఖ్రా డబ్బా నాకు ఆనుతుందా, ఏకంగా బియ్యం డ్రమ్ములో పెట్టాను, మూత చప్పుడు ఎదురింటికి వినబడాలని గట్టిగా వేశాను. అమ్మాయిని ఆపాను. ఆ రోజు సెలవులో ఉన్న మా ఆయనను మంచం దింపాను. నేల మీద చాక్‌పీసుతో గళ్ళు గీసి అష్టాచెమ్మాకు కూర్చోబెట్టాను. రెండు చుట్లు తిరక్కుండానే బియ్యంలోంచి ఫోన్ గుర్రుమంది. మా ఆయన నా మొహం చూశాడు. నేను గవ్వలు చూశాను. మళ్ళీ గుర్రుమంది. "నీదే" అన్నాడాయన. "మీదే" అన్నాను. అది ఎవరిదో చూసి పెట్టేద్దామని లేచి, మోచేతి దాకా బియ్యంలో చెయ్యి పెట్టి వెతికాను. నాదే. ఖమ్మం దుకాణదారు నెమలికంఠం రంగు కావాలంటున్నాడు. జవాబిచ్చి వచ్చేసరికి మా ఆయన కూడా డ్రమ్ము దగ్గరే ఉన్నాడు. బియ్యం నేలంతా ఒలికింది.

అమ్మాయి గవ్వలు పోగుచేసి డబ్బీలో వేసింది. "వాళ్ళింట్ల ఎవ్వరు డబ్బా దిక్కు చూడరు మమ్మీ" అంది. కోపంగా కూడా అనలేదు. మర్నాడు మూత పడగానే చెప్పులేసుకుంది.

జరిగింది అమ్మకు చెబితే నవ్వింది. "నీ చేతులు ఊకెనే ఉంటున్నయ్. గందుకే ఫోన్ మీదికి పోతున్నయ్" అంది. నాకు అమ్మ మీద కూడా కోపం వచ్చింది.

రెండో వేవ్ వచ్చింది. అంబులెన్సుల కూతలతో తెల్లవారేది. మా ఆయన కంపెనీ బస్సు మాత్రం ఆగలేదు. ఒకరోజు పొద్దున పాలు తీసుకోవడానికి వెళ్తే బెన్ మెట్ల దగ్గర నన్ను ఆపింది. మాస్కు మీద కళ్ళే కనబడుతున్నాయి. గొంతు తగ్గించి హిందీలో చెప్పింది. మా అమ్మాయి సాయంత్రం వాళ్ళింటికి వచ్చాక నాన్న బస్సు వచ్చేదాకా సూది పట్టుకుని కిటికీలోంచి చూస్తూ ఉంటుందట, ఒక్క పూస కూడా గుచ్చదట. బస్సు ఆలస్యమైతే కడుపునొప్పి అంటుందట. నాన్న ఒకరోజు రాడేమోనని భయమట. "మీకు చెప్పలేదా?" అంది.

"చెప్పింది, చెప్పింది" అన్నాను. చెప్పలేదు.

ఆ రోజంతా నాకు చీరలు కనబడలేదు. నా కూతురి కడుపునొప్పి నాకంటే ముందు ఆవిడకు తెలుసు. నాకు తెలియజేసింది కూడా ఆవిడే, అదీ నా మీద జాలిపడి. నవ్వు తీసుకుంది సరే, భయం కూడా తీసుకుందా? సాయంత్రం డబ్బా మూత పడింది, అమ్మాయి వెళ్ళింది. కాసేపు కూర్చున్నాను. కూర్చోలేక లేచి, గొళ్ళెం పెట్టకుండా వదిలిన ఎదురింటి జాలీ తలుపు తోసేశాను.

"ఇంటికి నడువ్!" అని అరిచాను.

మగ్గాల మోతలో పెరిగినవాళ్ళం, మా గల్లీలో వాళ్ళకు మెల్లగా మాట్లాడటం రాదు. ఆ నిశ్శబ్దమైన ఇంట్లో నా గొంతు పిడుగు పడ్డట్టే పడింది. అమ్మాయి ఉలిక్కిపడింది, చేతిలోని దారం గుంజుకుపోయి పుటుక్కున తెగింది. ఏనుగు నడుము దగ్గర. పూసలు గచ్చంతా దొర్లాయి.

ఆవిడ నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది, నేను కూడా తిట్టేదాన్ని. "కోయీ బాత్ నహీ" అని వంగి పూసలు ఏరడం మొదలుపెట్టింది. ఆ ఓపిక కూడా ఆవిడకే ఉండాలా! చేసేది లేక నేనూ చతికిలబడి సోఫా కింద చెయ్యి పెట్టాను. అన్నీ ఏరాక ఆవిడ తోరణం చూసి, ఈ ముక్కంతా విప్పి మళ్ళీ గుచ్చాలి, మధ్యలో ముడేస్తే పూస ఎక్కదు అంది. అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇటియ్యి" అన్నాను.

తెగిన రెండు కొసలు పట్టుకున్నాను. ఒకటి రెండోదాని మీద అడ్డంగా వేసి, బొటనవేలి కింద నొక్కి, చుట్టు తిప్పి, లాగి, మిగిలిన కొస పళ్ళతో కొరికేశాను. చిన్నప్పుడు బడి నుంచి రాగానే నాన్న నడిపే మగ్గాల మధ్య తిరుగుతూ తెగిన పోగులు అతకడం నా పని. మగ్గం పళ్ళ సందులోంచి జారిపోవాలి ఆ ముడి, లేకపోతే మళ్ళీ తెగుతుంది. ఇన్నేళ్ళలో మరిచిపోయాననుకున్నాను. వేళ్ళు మరిచిపోలేదు. ఒక పూస తీసుకుని ముడి మీదుగా నెట్టాను. ఎక్కడా ఆగకుండా అవతలికి వెళ్ళిపోయింది.

అమ్మాయి నోరు తెరుచుకుంది. "మమ్మీ! ఫిర్ సే కరో న! జర మెల్లగ చెయ్యి, నాకు కనిపిస్తలేదు."

ఇంకో దారం తెంపి మెల్లగా చేసి చూపించాను. అది నా ఒళ్ళోకి జరిగి, నా వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి చూసింది. ఎన్నాళ్ళయిందో అది నా ఒళ్ళోకి వచ్చి.

"నీకు గిది వస్తదని నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడగలే."

"నువ్వెప్పుడు ఖాళీగున్నవ్ అడుగుతానికి?" అంది, ముడి మీంచి చూపు తిప్పకుండానే.

తలెత్తితే ఎదురుగా బెన్ మొహం కనబడింది. నవ్వుతూనే ఉంది గానీ కొంచెం చిన్నబోయింది. నా ప్రాణానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆ వారమే, ముడి సంగతి విని, అమ్మ ఉధ్నా నుంచి రంగురంగుల పోగు చుట్టిన బాబిన్లు ఒక సంచి నిండా పంపింది. ఈసారి డ్రమ్ములూ మూతలూ పెట్టలేదు. పొద్దుగూకే ముందు ఫోన్లు ఆపేసి బీరువాలో పడేశాను, గుర్రుమనే వీలు లేకుండా. సాయంత్రం తర్వాత నేను దొరకనని దుకాణం సేఠ్‌కు చెప్పాను. సణిగాడు. దుకాణదారులు మాత్రం పొద్దున అడిగారు, పొద్దున జవాబు తీసుకున్నారు. రాత్రికి రాత్రి చీర రంగు తెలియక ఎవరూ చచ్చిపోలేదు.

మొదట్లో చెయ్యి ఊరికే ఫోన్ కోసం నడుం దగ్గరికి వెళ్ళేది. పోగు పట్టుకుంటే వెళ్ళేది కాదు. ముగ్గురం నేల మీద కూర్చుని పోగులు తెంపడం, అతకడం, గుంజి చూడటం. మా ఆయన కూడా మగ్గాలవాళ్ళ బిడ్డే, అయినా ఆయన ముడి ప్రతిసారీ ఊడిపోయేది. "పప్పా ఫెయిల్!" అని అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. ఎదురింటికి వినబడేలా నవ్వింది. నేను లేచి వెళ్ళి చెక్క తలుపు ఇంకాస్త బార్లా తెరిచాను.

ఒక సాయంత్రం, ఇద్దరమే ఉన్నప్పుడు, పోగు వంకే చూస్తూ చెప్పింది. "పప్పా బస్ లేటైతే నాకు కడుపుల నొస్తది మమ్మీ." నాకు తెలిసిన సంగతే, అయినా మొదటిసారి విన్నట్టే విన్నాను. నేను అరవలేదు, ఏడవలేదు. "నాకు గూడ నొస్తది" అన్నాను మెల్లగా. ఆయనకు చెప్పాను. మర్నాటి నుంచి ఆయన బస్సు దిగగానే కింద గేటు దగ్గరే నిలబడి దాని పేరు పెట్టి కేకేసి, చెయ్యి ఊపి, అప్పుడు మెట్లెక్కడం మొదలుపెట్టాడు. కేక వినగానే దాని భుజాలు కిందికి దిగడం నేను చూసేదాన్ని. ఇంతకుముందు కూడా ఆ భుజాలు నా ఎదురుగానే ఉండేవి. రాత్రుళ్ళు నిద్ర కూడా పట్టసాగింది, పాలవాడు నా ఆరోగ్యం అడగడం మానేశాడు.

ఒకరోజు బెన్ మా జాలీ తలుపు దగ్గరికి వచ్చింది. "తోరణ్ అధూరా పడా హై. దీక్రీ కో భేజో న" అంది. సగంలో ఉంది, అమ్మాయిని పంపమని.

"హోంవర్క్ ఉంది బెన్" అన్నాను. ఏ హోంవర్కూ లేదు. ఆవిడ సరేనని తలూపి వెళ్ళిపోయింది. మూత చప్పుడు ఆ సాయంత్రం కొంచెం ఆలస్యంగా వినబడింది.

అమ్మాయి నా వంక చూసింది. "రేపు నేను పోయి వస్త మమ్మీ. నువ్వు నారాజ్ గాకు. జల్దీ వస్త" అంది, పెద్దదానిలా. దానికి అన్నీ తెలుసు. ఆ తర్వాత కొన్ని సాయంత్రాలు ఇక్కడ, కొన్ని అక్కడ. అక్కడికి వెళ్ళిన సాయంత్రాలు నాకు ఇప్పటికీ పొడుగే.

దీపావళి ముందు తోరణం పూర్తయింది. బెన్ భర్త స్టూలెక్కి వాళ్ళ గుమ్మానికి కట్టాడు. చిలకలు, ఏనుగులు, కింద పూసల కుచ్చులు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. నా కుర్చీలోకి వచ్చి కూర్చున్నాను. నవ్వి నవ్వి దవడలు నొప్పిపుట్టాయి. అమ్మాయి పరుగెత్తుకొచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది.

"ఎట్లున్నది మమ్మీ?"

"మంచిగున్నది. వాళ్ళ తలుపుకు మంచిగున్నది" అన్నాను. ఎంత దాచినా గొంతులో పుల్లదనం దాగలేదు.

అది నా మొహాన్ని వింతగా చూసింది. "నువ్వు దినమంతా గీడనే కూసుంటవ్ గదా మమ్మీ. మన తలుపుకు కడితే నీకు కనిపియ్యదు. మాసీ వాళ్ళ తలుపుకు కడితే నీకు ఎదురుంగనే ఉంటది. ఫోన్ల నుంచి తల ఎత్తినప్పుడల్లా కనిపిస్తది. మొదటి దినమే చెప్పిన మాసీకి, గిది మా మమ్మీకని."

ఏనుగు నడుము దగ్గర నా ముడి ఎక్కడుందో వెతికాను. కళ్ళలో నీళ్ళకు కనబడలేదు. తుడుచుకున్నాక కూడా కనబడలేదు, అంత చిన్న ముడి అది.

ఎదుటి ఇంట్లో మూత పడింది. నేను ఫోన్ ఆపేశాను. ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది, దాచడమెందుకు. వాళ్ళింట్లోంచి ఆ తోరణం కనబడదు. పాపం, ఆవిడ చూసుకోవాలంటే బయటికొచ్చి, మా గుమ్మం దాకా వచ్చి, వెనక్కి తిరగాలి.